పదీ నలభైకి ఫ్లాస్కు

రాజ్యాలు ఎందుకు కూలాయో వెతికే చరిత్రకారులు యుద్ధాల దగ్గరో కరువుల దగ్గరో ఆగిపోతారు. ఇంకాస్త ఓపిక చేసుకుని వంటింటి దాకా రారు. వచ్చి ఉంటే, నెవిల్ ఎంట్‌విజిల్ జీవితంలో రెండో శకం ఒక ఫ్లాస్కు మూత దగ్గర ఎలా తడబడిందో ఎవరో ఒకరు ఈపాటికి గ్రంథస్థం చేసి ఉండేవారు.

ఆ ఫ్లాస్కు స్టీలుది. అర లీటరు పడుతుంది. ఆకుపచ్చ రంగు, అడుగున ఒక సొట్ట. ఇరవయ్యొక్క సంవత్సరాల పాటు, సెలవుల్లో కూడా ప్రతిరోజూ, ఉదయం పదీ నలభైకి నెవిల్ దాని మూత తిప్పాడు, ఒక కప్పు టీ పోసుకున్నాడు, ఆరు నిమిషాల్లో తాగాడు, మూత బిగించాడు. ఆ వేళ గాలివాటుగా వచ్చింది కాదు. అతను రైల్వే కంపెనీలో టైంటేబుళ్ళు తయారుచేసేవాడు. పొద్దుటి రద్దీలో ఏ రైలు ఎంత ఆలస్యమైందో చెప్పే నివేదికలు పదిన్నరకు ముగిసేవి. ఆ ఆలస్యం ఎవరి తప్పో తేల్చమని అరిచే ఫోన్లు పదీ యాభైకి మొదలయ్యేవి. ఈ రెండు విపత్తుల నడుమ సరిగ్గా మధ్యన ఉన్న నిమిషం పదీ నలభై.

ఈ నియమం రెండేసార్లు తప్పింది. ఒకటి పెళ్ళినాడు, రెండోది అపెండిక్స్ ఆపరేషన్ నాడు. మొదటిదాని విషయంలో అతని భార్య రోవెనాకు ఇప్పటికీ అనుమానమే. ఆ రోజు చర్చి వెనక గదిలోంచి వచ్చినప్పుడు పెళ్ళికొడుకు మీసం తడిగా ఉందని ఆమె వాదన.

రెండోదే అతని జీవితాన్ని మార్చింది. ఆపరేషన్ అయిన మధ్యాహ్నం మంచం మీద పడుకుని ఉంటే ఒక నర్సు వచ్చి, "కట్టు చూడ్డానికి రెండూ పదికి వస్తానండీ" అని చెప్పి వెళ్ళింది. అలాంటి మాటలు నెవిల్ వృత్తిరీత్యా వేలకొద్దీ విన్నాడు, స్వయంగా అచ్చు వేయించాడు కూడా. గోడ గడియారం వైపు జాలిగా చూస్తూ పడుకున్నాడు. రెండూ పదికి ఆమె వచ్చింది. కట్టు చూసి, దిండు సర్ది వెళ్ళిపోయింది. ఇరవయ్యొక్కేళ్ళ ఉద్యోగంలో చెప్పిన వేళకు వచ్చినది ఏదైనా నెవిల్ కళ్ళారా చూడటం అదే మొదలు.

అది కేవలం యాదృచ్ఛికమని అతనికి తెలియడానికి మరో మూడేళ్ళు పట్టింది. ఈలోపు ఉద్యోగం మానేశాడు.

వేరే చదువు చదివి, తల పండాక నర్సులు కావాలనుకునేవాళ్ళ కోసం మా యూనివర్సిటీలో రెండేళ్ళ మాస్టర్స్ ఉంది. ఎప్పుడో కుర్రతనంలో సంపాదించిన భూగోళశాస్త్రం డిగ్రీని నెవిల్ అటక మీంచి దించి, దుమ్ము దులిపి, దాని బలంతో నలభై ఆరో ఏట అందులో చేరాడు. తరగతిలో ఒక వయొలిన్ మాస్టరు, ఒక మాజీ లాయరు, పురుగుల మీద పరిశోధన చేసి విసిగిపోయిన ముగ్గురు ఉన్నారు. వాళ్ళందరిలోకీ వ్యాసాలు బాగా రాసింది నెవిలే. 'ఆసుపత్రి జట్టులో పరస్పర విశ్వాసం' అన్న అతని వ్యాసానికి డెబ్బై ఎనిమిది మార్కులు వచ్చాయి. దాన్ని తర్వాతి ఏడాది విద్యార్థులకు మచ్చుగా చూపిస్తామని యూనివర్సిటీ అనుమతి అడిగింది. ఈ వ్యాసం సంగతి గుర్తుంచుకోవాలి. నెవిల్ దాన్ని మరిచిపోలేక చాలా బాధపడ్డాడు.

ఎందుకంటే మా దగ్గర నర్సు కావడానికి మార్కులు చాలవు, పుస్తకం నిండాలి. ఇది చదివే పుస్తకం కాదు, సంతకాల పుస్తకం. ఇంజెక్షన్ ఇవ్వగలడు, సంతకం. పుండు శుభ్రం చేయగలడు, సంతకం. ఆఖరి పన్నెండు వారాలు ఏ వార్డులో పనిచేస్తే ఆ వార్డును నడిపే పెద్ద నర్సు, అంటే సిస్టర్, చివరి పేజీలన్నీ నింపి ఇవ్వాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా పన్నెండు వారాలు మళ్ళీ మొదటినుంచి. అప్పటికే నెవిల్‌కి పక్క భవనంలోని ఆపరేషన్ల వార్డులో సెప్టెంబరు నుంచి ఉద్యోగం ఖాయమై ఉంది. పుస్తకం నిండకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

అతనికి దక్కింది తొమ్మిదో వార్డు. ముసలివాళ్ళ వార్డు, ఇరవై నాలుగు మంచాలు. దాని సిస్టర్ ఇమెల్డా డఫీ. వయసు ముప్ఫై నాలుగు, నడక మాత్రం ఎప్పుడూ ఏదో బస్సు తప్పిపోతున్నట్టే. ఆమెతో మాట్లాడాలంటే పక్కనే పరిగెత్తాలి. వార్డులో ముప్ఫై ఏళ్ళుగా ఉన్నది సహాయకురాలు గేనర్. రోగుల్ని కడగడం, తినిపించడం, లేపడం, దించడం ఆమె పని. అందరికీ ఆమె గేనరక్క. నెవిల్ ఒక్కడే గేనర్ గారూ అనేవాడు.

మొదటిరోజు పదిన్నరకు గేనర్ వంటగది తలుపులోంచి తల బయటపెట్టి, "టీ ఎవరికి?" అని కేకేసింది. నలుమూలల నుంచీ చేతులు లేచాయి. ఆమె నెవిల్ వైపు తిరిగి, "నీకెలా కావాలి బాబూ, కప్పులోనా బకెట్లోనా?" అంది.

"వద్దండీ, థాంక్యూ" అన్నాడు నెవిల్ ఎంతో మర్యాదగా. "నా దగ్గరుంది."

పది నిమిషాలు ఆగి, పదీ నలభైకి, సామాన్ల గదిలో నిలబడి మూత తిప్పాడు.

ఇక్కడ నెవిల్ పక్షాన ఒక మాట చెప్పాలి. అతని పెంపకమే అంత. ఎవరికీ భారం కాకూడదు, ఎవరిచేతా చేయించుకోకూడదు, దారికి అడ్డం నిలబడకూడదు అని మా వైపు తల్లులు బిడ్డలకు పాలతో పాటు పోస్తారు. పైగా విద్యార్థి అంటే వార్డు లెక్కలో లేని మనిషి. లెక్కలో లేని మనిషి లెక్కలో ఉన్నవాళ్ళ టీ ఎలా తాగుతాడు? కాబట్టి రోజూ ఎంతో వినయంగా సొంత టీ తెచ్చుకున్నాడు. అదే వినయంతో మర్నాడూ వద్దన్నాడు. మూడోనాడు ఎవరూ అడగలేదు. వార్డువాళ్ళు తన పద్ధతి అర్థం చేసుకున్నారని నెవిల్ సంతోషించాడు.

పని మాత్రం ప్రాణం పెట్టి చేశాడు. బీపీలు చూశాడు, పక్కలు మార్చాడు, బెడ్‌పాన్లు మోశాడు. అయినా ఆరువారాలు గడిచాక జరిగే మధ్యంతర సమీక్షలో సిస్టర్ డఫీ పుస్తకం తెరిచి, పధ్నాలుగు గడుల్లో పదమూడింటికి టిక్కు పెట్టి, పధ్నాలుగో దాంట్లో 'ఇంకా సాధించలేదు' అని రాసింది. ఆ గడి పేరు 'జట్టులో సభ్యుడిగా పనిచేస్తాడు'.

నెవిల్ ఆ అక్షరాల వైపు చూశాడు. డెబ్బై ఎనిమిది మార్కులు అతని కళ్ళముందు కదిలాయి.

"సిస్టర్, ఇది... దీని మీద నేనొక వ్యాసం రాశాను."

"చాలా సంతోషం నెవిల్. చివరికల్లా సరిచేసుకుందాం."

"ఏం సరిచేసుకోవాలో చెబితే..."

ఫోను మోగింది. "తొమ్మిదో వార్డు. లేవండీ, మంచాలు లేవు. లేవంటే లేవనే. మీరొచ్చి చూసుకోండి" అంటూ ఆమె ఫోనుతో పాటే లేచి వెళ్ళిపోయింది. కుర్చీ ఇంకా ఊగుతూనే ఉంది.

ఆ తర్వాత నెవిల్ గడిపిన నాలుగు వారాలు ఎవరికీ రాకూడనివి. ఆమెను పట్టుకుని కారణం అడగాలని కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. ఆమె డ్యూటీలో ఉంటే తను లేడు, తను ఉంటే ఆమె మీటింగులో ఉంది, ఇద్దరూ ఉన్న రోజున ఎవరో ఒక రోగి నేలమీద ఉన్నాడు. యూనివర్సిటీలో తన మార్గదర్శకురాలికి ఉత్తరం రాశాడు. ఆవిడ వెంటనే జవాబిచ్చింది. ఇది చక్కని అవకాశమనీ, దీని గురించి లోతుగా ఆలోచించి ఒక ఆత్మపరిశీలన రాయమనీ చెప్పింది. నెవిల్ లోతుగా ఆలోచించి పదిహేను వందల మాటలు రాసి పంపాడు. బాగుందని కబురొచ్చింది. గడి ఖాళీగానే ఉంది.

ఇక మిగిలింది తనకు వచ్చిన విద్య. జట్టుకు తను చేయగల సేవ ఏమిటని ఆలోచించి, ఒక ఆదివారమంతా కూర్చుని వార్డుకు టైంటేబుల్ తయారుచేశాడు. ఇరవై నాలుగు మంచాలు, మంచానికి ఆరు నిమిషాలు, బీపీలు ఎవరు, మందుల బండి ఎక్కడ, స్నానాలు ఎప్పుడు, అన్నీ నాలుగు రంగుల్లో. ప్లాస్టిక్ తొడుగు వేయించి సోమవారం పొద్దున్నే గోడకు అంటించాడు.

గేనర్ దాని ముందు నిలబడి ఆసాంతం చదివింది.

"ఈ ఎర్రగీత నేనా బాబూ?"

"అవునండీ. మీరు ఎనిమిదింటికి మొదటి మంచం దగ్గర బయల్దేరతారు. ఎనిమిదీ ముప్ఫై ఆరుకల్లా ఏడో మంచం."

"మధ్యలో ఎక్కడైనా ఆగుతానా, నాన్‌స్టాపా?"

టైంటేబుల్ ఎనిమిదీ ఇరవై దాకా అమల్లో ఉంది. ఎనిమిదీ ఇరవైకి ఏడో మంచం ఆవిడ తన పళ్ళసెట్టు కనబడటం లేదంది. దుప్పట్లు దులిపారు, ఉతికే బట్టల మూటలు విప్పారు, చెత్తబుట్ట బోర్లించారు. తొమ్మిదీ పావుకు అది టోస్టు పళ్ళెం కింద దొరికింది. అప్పటికి నాలుగు రంగుల్లో ఏ రంగూ తనున్నాననుకున్న చోట లేదు. మర్నాడు చూస్తే గోడమీద టైంటేబుల్ కూడా లేదు. వంటగదిలో కెటిల్ కింద పరిచి ఉంది.

"నీళ్ళు కారితే తుడిచేయొచ్చు. భలే పనికొచ్చింది నాయనా" అంది గేనర్. అందులో వెటకారమేమీ లేదు. అదే అతన్ని మరీ కుంగదీసింది.

ఇంటికి వెళ్ళి రోవెనాతో మొరపెట్టుకున్నాడు.

"చావు దగ్గర పడిన మనుషుల్ని చూసుకోవచ్చునట. ఇన్సులిన్ ఇవ్వొచ్చునట. నలుగురితో కలిసి పనిచేయడం మాత్రం రాదట."

"ఇరవై రెండేళ్ళు ఓర్చుకున్నాను, నన్నడిగి ఉంటే ఆరో వారం దాకా ఆగకుండా మొదటిరోజే చెప్పేదాన్ని" అంది రోవెనా కూరగాయలు తరుగుతూ.

"నేను ఎవరికీ అడ్డం రాను. ఎవర్నీ ఏదీ అడగను."

"అవును. నిన్న జ్వరంతో పడుకుని కూడా మంచినీళ్ళు నువ్వే లేచి తెచ్చుకున్నావు. నేను పక్కనే ఉన్నాను. టేబులో కుర్చీనో అనుకున్నావు."

నెవిల్ ఈ మాట చెవిన వేసుకోలేదు. భార్యాభర్తల మధ్య జరిగే సంభాషణల్లో పనికొచ్చే సమాచారం ఉంటుందన్న సంగతి ఏ వ్యాసంలోనూ అతనికి తారసపడలేదు.

అసలు విషయం బయటపెట్టింది నాలుగో మంచం పిల్లింగ్ తాత. ఎనభై ఒక్కేళ్ళు. తుంటి ఎముక విరిగి వచ్చాడు. ఒకప్పుడు పోస్టుమాన్. నెవిల్ పూర్వాశ్రమం గురించి తెలిసిన మొదటి రోజే దిండుమీద లేచి కూర్చున్నాడు.

"ఏమయ్యా, ఆ ఏడూ యాభై రెండు రైలు తీసేసింది నువ్వేనా?"

"నేనొక్కణ్ణే కాదండీ. ఒక కమిటీ ఉండేది."

"కమిటీ ఇక్కడికి రాలేదుగా. వచ్చింది నువ్వు. తొమ్మిదేళ్ళు ఆ రైలెక్కి మా చెల్లెలింటికి వెళ్ళాను. తర్వాత ఏడూ నలభై ఒకటి పెట్టారు. ఏడూ నలభై ఒకటికి నా బస్సు ఇంకా వంతెన మీదే ఉంటుంది."

"కనెక్షను పదకొండు నిమిషాలు తేడా వచ్చిందండీ. మాకూ తెలుసు."

"తెలుసట" అన్నాడు పిల్లింగ్ తాత పక్కనున్న గోడకు చెబుతున్నట్టు. "తెలిసే చేశారట."

అప్పట్నుంచి నెవిల్ బెడ్‌పాన్ పట్టుకుని వస్తే చాలు, తాత గడియారం చూసేవాడు. "పదకొండు నిమిషాలు లేటు. మీ వాళ్ళ బుద్ధి పోలేదు."

పన్నెండో వారం బుధవారం నాడు నెవిల్ అతని కాలికి పట్టీ మారుస్తున్నాడు. వంటగదిలోంచి టీ కేక వినబడింది. చేతులు లేచాయి. నెవిల్ తల ఎత్తలేదు.

"నిన్నెందుకు అడగరయ్యా వీళ్ళు?" అన్నాడు తాత.

"ఏమడగరు?"

"టీ. నేనొచ్చి పదహారు రోజులైంది. నేల తుడిచే ఆయన్ని అడుగుతారు. బల్బు మార్చడానికొచ్చిన వాణ్ణి అడిగారు. దారి తప్పి పైన వార్డుకు పోవలసినావిడ ఇక్కడికొస్తే ఆవిడకీ ఇచ్చారు. నిన్ను మాత్రం ఎవరూ అడగరు. ఏం చేశావేమిటి?"

"నాది నేను తెచ్చుకుంటానండీ. ఫ్లాస్కులో."

పిల్లింగ్ తాత అతని వైపు చాలాసేపు చూశాడు. రైలు తీసేసినందుకు కూడా అతన్ని అలా చూడలేదు.

"నలభై ఏళ్ళు ఉత్తరాలు పంచాను" అన్నాడు చివరికి. "నేనెళ్ళిన ప్రతి పోస్టాఫీసులోనూ ఫ్లాస్కు తెచ్చుకునేవాడు ఒకడుండేవాడు. వాడి పేరు ఎవరికీ గుర్తుండేది కాదు."

నెవిల్ పట్టీ కట్టడం పూర్తిచేసి, చేతులు కడుక్కుని, తిన్నగా దుప్పట్ల గదిలోకి వెళ్ళాడు. గేనర్ దిండు గలీబులు మడుస్తోంది.

"గేనర్ గారూ, ఒక మాట. నేను టీ తెచ్చుకోవడం వల్ల ఇక్కడెవరికైనా ఇబ్బంది కలిగిందా?"

గేనర్ చేతిలోది మడిచి, ఇంకొకటి తీసుకుంది. అది కూడా మడిచింది.

"మొదటిరోజు నిన్నడిగాను. గుర్తుందా?"

"గుర్తుందండీ. మీకెందుకు శ్రమని..."

"శ్రమ" అంది గేనర్. "మా అత్తగారూ ఇంతే. మా ఇంటికొస్తే బిస్కెట్లు సంచిలో తనే తెచ్చుకునేది. నీకెందుకమ్మా శ్రమ అనేది. పద్ధెనిమిదేళ్ళు. ఆవిడ పోయిన రోజున నేను ఏడవలేదు నాయనా. ప్రయత్నించాను, రాలేదు."

"నేనా ఉద్దేశంతో..."

"నువ్వు ఒక్కసారి టీ పెట్టావా మాకు?"

"నన్నెవరూ అడగలేదండీ."

"అడగరు. తల బయటపెట్టి అరవాలి. ఇన్నాళ్ళూ ఈ కుర్రడాక్టర్లు, ఆ నేల తుడిచే తాడియస్, అందరూ తలో రోజు పెట్టారు. నువ్వు మాత్రం పది నలభై కాగానే గదిలోకి పోయి తలుపేసుకుంటావు. మొదటి రెండు వారాలు నీకేదో రహస్యమైన జబ్బుందనుకున్నాం. నేను పాపం అని కూడా అన్నాను."

నెవిల్ అక్కడే దుప్పట్ల దొంతర మీద కూర్చున్నాడు. దానికి అనుమతి లేదు. రెండేళ్ళు, ఇరవై నాలుగు వ్యాసాలు, రెండు వేల మూడు వందల గంటల పని, అన్నీ ఒక ఆకుపచ్చ ఫ్లాస్కుకు తగిలి ఆగాయి. కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియలేదు. పరస్పర విశ్వాసం మీద ముప్ఫై ఎనిమిది ఆధార గ్రంథాలు చూపించాడు. వాటిలో ఒక్క మహానుభావుడూ కెటిల్ ప్రస్తావన తేలేదు.

"మరి సిస్టర్ ఆ గడిలో..."

"అది నాకు తెలీదు బాబూ. ఆవిడ పుస్తకం ఆవిడది" అంది గేనర్, ఆఖరి గలీబు దొంతర మీద పెడుతూ. "లే, అవి ఉతికినవి."

ఆఖరి రోజు శుక్రవారం. మూడు గంటలకు తుది సమీక్ష. సాయంత్రం విమానానికి సిస్టర్ డఫీ రెండు వారాల సెలవు మీద ఐర్లాండులో తల్లి దగ్గరికి వెళ్తోంది. పుస్తకం సోమవారం యూనివర్సిటీకి చేరాలి. ఆ ఉదయం నెవిల్ ఫ్లాస్కు నింపలేదు. ఖాళీదాన్ని బీరువాలో పెట్టి తలుపు మూస్తుంటే రోవెనా మెట్ల మీదే ఆగిపోయింది.

"ఒంట్లో బాగానే ఉందా?"

"ఈరోజు నేను టీ పెడతాను. వాళ్ళకి."

"ఎంతమందికి?"

"తొమ్మిది."

"దేవుడా" అంది రోవెనా. వాళ్ళమీద జాలితో.

పదీ నలభైకి నెవిల్ వంటగది గుమ్మంలో నిలబడి తల బయటపెట్టాడు.

"టీ ఎవరికి?"

వార్డు ఒక్క క్షణం ఆగింది. మందుల బండి దగ్గర నర్సు చేయి గాల్లోనే ఉండిపోయింది. నాలుగో మంచం నుంచి, "వేళకే బయల్దేరింది" అని ఒక గొంతు వినబడింది. తర్వాత ఒక్కొక్క చేయీ లేచింది.

నెవిల్ కాగితం తీసి పట్టిక రాసుకున్నాడు. ఒకరికి రెండు చెంచాల చక్కెర. ఒకరికి పాలు రంగు మారేదాకా. తాడియస్‌కి పాలు లేకుండా, నిమ్మచెక్కతో. గేనర్ది చెంచా నిలబడేంత చిక్కగా. సిస్టర్ డఫీ తన గదిలో తలుపు మూసుకుని ఫోనులో మంచాల గురించి పోట్లాడుతోంది. అడిగే ధైర్యం చాలక, ఆమె పేరు ఎదురుగా 'మామూలుగా' అని రాసుకున్నాడు.

కెటిల్ వేశాడు. అది కాగడానికి ఏడు నిమిషాలు. నాలుగో నిమిషంలో పన్నెండో మంచం బెల్లు మోగింది. వెళ్ళి, ఆవిణ్ణి బాత్రూముకు నడిపించి, వెనక్కి తెచ్చి, చేతులు కడుక్కుని వచ్చేసరికి నీళ్ళు చల్లారాయి. మళ్ళీ వేశాడు. పిల్లింగ్ తాత బెల్లు కొట్టాడు. ఏమీ అక్కర్లేదట, ఎందాకా వచ్చిందో తెలుసుకుందామనట. మూడోసారి నీళ్ళు మరిగాయి, కప్పుల్లో పోశాడు. పాలు అయిపోయాయి. పక్క వార్డుకు వెళ్ళి అరువడిగితే, వాళ్ళు గత నెల తీసుకెళ్ళిన పాలసంగతి ముందు తేల్చమన్నారు. పాలతో తిరిగొచ్చేసరికి ఆరు కప్పుల్లో టీ పొడి సంచులు నల్లగా మునిగి ఉన్నాయి, మూడు కప్పులు ఎవరో తీసి కడిగేశారు. రైల్వేలో ఇలాంటిది జరిగితే ఒక కారణం రాసి, ఒక సంకేతాక్షరం వేసి, ఫైలు మూసేసేవాడు. ఇక్కడ ఏ గడిలో రాయాలో తెలియక పళ్ళు బిగబట్టి, మొదటినుంచి మొదలుపెట్టాడు.

పదకొండూ నలభై ఒకటికి, తన టైంటేబుల్‌నే పళ్ళెంలో పరిచి, నెవిల్ తొమ్మిది కప్పులతో వార్డులోకి నడిచాడు.

గేనర్ ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, కప్పులోకి తొంగి చూసింది.

"ఇదేంటి నాయనా, గిన్నెలు కడిగిన నీళ్ళలా ఉంది."

"బాగా లేదా గేనరక్కా?"

గేనర్ నిలబడే మొత్తం తాగేసి, ఖాళీ కప్పు అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. సిస్టర్ డఫీ కప్పును ఆమె బల్లమీద, ఫోను పక్కన, హ్యాండిల్ కుడివైపుకు వచ్చేలా పెట్టాడు. ఆమె తలైతే ఊపింది, అది అతనికో ఫోనుకో తెలియలేదు.

మూడింటికి సమీక్ష జరగలేదు. సిస్టర్ మీటింగులో ఉంది. నాలుగింటికీ అందులోనే ఉంది. నాలుగూ నలభైకి ఒక రోగి చేతికున్న సెలైను సూది పీక్కుని షికారుకు బయల్దేరాడు. నెవిల్ పుస్తకాన్ని చంకలో పెట్టుకునే అతన్ని లిఫ్టు దాకా తరిమి, మెల్లగా నచ్చజెప్పి వెనక్కి తెచ్చాడు. ఐదుంబావుకు ఆమె గదిలోంచి కోటు తొడుక్కుంటూ బయటికొచ్చింది. పెట్టె చక్రాలు గడగడలాడుతున్నాయి.

"సిస్టర్." నెవిల్ నడవా మధ్యలో నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి ఒకరి దారికి అడ్డంగా.

"అయ్యో నెవిల్. పుస్తకం. ఇలా ఇవ్వండి."

ఆమె దాన్ని మందుల బండి మీద పెట్టి, పేజీలు తిప్పి, అతని జేబులోంచే పెన్ను లాక్కుంది. పదమూడు గడుల్లో సంతకాలు పడ్డాయి. పధ్నాలుగో దాని దగ్గర పెన్ను ఆగింది.

"నిజం చెప్పాలంటే మీతో కలిసి నేను పనిచేసింది నాలుగు రోజులు. ఈ గడి దగ్గర నేనెప్పుడూ గేనరక్కనే అడుగుతాను. విద్యార్థులు నా ముందు అందరూ బాగానే ఉంటారు."

"ఆరో వారంలో ఆవిడేమన్నారండీ?"

"ఎవరు, ఆ ఫ్లాస్కాయనా, నాకు తెలీదమ్మా అంది."

"ఇవాళ?" అన్నాడు నెవిల్.

"ఇవాళ మధ్యాహ్నం అడిగాను. టీ పెట్టడం రాదు, నేర్చుకుంటాడులే అంది." సంతకం పడింది. తేదీ పడింది. "అభినందనలు నెవిల్. ఆ ఆపరేషన్ల వార్డువాళ్ళు అదృష్టవంతులు."

అతని చేతిలో పుస్తకం పెట్టి, అతని పెన్ను తన జేబులో పెట్టుకుంది. రెండేళ్ళ బరువు ఒక్కసారి దిగేసరికి నెవిల్‌కి ఏం చేయాలో తోచలేదు. తెరిచి ఉన్న తలుపులోంచి ఆమె బల్ల కనబడింది. కప్పు పెట్టినచోటే ఉంది. అంచుదాకా టీ, పైన మీగడ తెట్టు.

"మీ టీ చల్లారిపోయింది సిస్టర్. ఒక్క నిమిషం ఆగితే వేడిగా ఇంకోటి పెట్టి ఇస్తాను. మీకెలా కావాలో నేను ముందే అడగాల్సింది."

"వద్దండీ, విమానానికి టైమైంది" అని ఆమె పెట్టె లాక్కుంటూ నాలుగడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది. "అయినా నేను టీ తాగను నెవిల్. నా కప్పులో ఎప్పుడూ ఉండేది వేడినీళ్ళే."